నీళ్ల బేసిన్ పక్కన పెట్టించండి

ప్రశ్న: మాది పెరంబూరు. మా మామగారి నాన్నగారు కాకినాడ నుంచి రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో గుమాస్తాగా చేశారు. యుద్ధం వచ్చాక తిరిగొచ్చి మద్రాసులోనే ఉండిపోయారు. ఈమధ్య మామగారి సంవత్సరీకం అయ్యాక అటక సర్దుతుంటే ఒక ఇనప్పెట్టె బయటపడింది. అందులో మామగారు చిన్నప్పుడు అంటించుకున్న స్టాంపుల ఆల్బమ్ ఉంది. తాతగారు రంగూన్ నుంచి చూళైలో ఉన్న తమ్ముడికి రాసిన ఉత్తరాలు కూడా ఒక అరవై దాకా ఉన్నాయి, కవర్లతో సహా. ఆల్బమ్‌లో విక్టోరియా రాణి బొమ్మవి, గాంధీగారివి మూడు, విదేశాలవి బోలెడు. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన వచ్చి చూసి, ‘ఆ కవర్లు చిత్తు కాగితాలే, అయినా పరవాలేదు, అన్నీ కలిపి ఇరవై వేలు ఇస్తాను’ అన్నాడు. మా అబ్బాయేమో గాంధీ స్టాంపు ఒక్కటే లక్షలు పలుకుతోందని ఇంటర్నెట్‌లో చూపిస్తున్నాడు. కవర్ల మీద స్టాంపులు కూడా ఆదివారం నీళ్లలో నానబెట్టి ఊడదీసి ఆల్బమ్‌లో పెడతానంటున్నాడు. అమ్మేయమంటారా? ఎంతకి?
— ఒక గృహిణి, చెన్నై

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదవగానే ఈ శీర్షిక అచ్చయ్యేదాకా ఆగలేక మీకు ఫోను చేయించాను. మీ అబ్బాయి ఇంకా బేసిన్ జోలికి పోలేదని తెలిశాక గాని నాకు అన్నం సయించలేదు. ఫోనులో చెప్పిన మాటే ఇక్కడ మళ్లీ చెబుతున్నాను, ఇలాంటి పెట్టె ఇంకెవరి అటక మీదైనా ఉండొచ్చు కదా. కవరు మీద ఉన్న స్టాంపుని ఊడదీయొద్దు. నానబెట్టొద్దు. కత్తెరతో ఆ మూల వరకు కత్తిరించి దాచుకోవడం కూడా వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని నేను చేశాను. నాకు పదకొండేళ్లప్పుడు ఓరుగల్లు నుంచి మా మేనమామ వేసవి సెలవులకి వస్తూ పాత కవర్ల కట్ట తెచ్చిచ్చాడు. నిజాం రాజ్యంలో ఊరి నుంచి ఊరికి నడిచిన ఉత్తరాలు. వాటి మీద చార్మినార్ బొమ్మతో ఒక అణా స్టాంపులు. ఆ సిరీస్ 1931లో వచ్చింది. వెల తెలుగులో కూడా రాసి ఉంటుంది, అది చూసి నాకు ఎంత సంబరమో. ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి కట్ట మొత్తం అందులో ముంచాను. సాయంత్రానికి స్టాంపులు తేలాయి, కవర్లు ముద్దైపోయాయి. ఆ ముద్దని మా అమ్మ పొయ్యిలోకి తోసింది. స్టాంపులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కోటి ఏ ఊళ్లో పోస్టు చేశారో, ఎక్కడికి చేరిందో, దారిలో ఎన్ని రోజులు పట్టిందో చెప్పే కాగితం మాత్రం బూడిదైంది. ఆ రకం స్టాంపులు విడిగా కావాలంటే ఈ రోజుకీ చవగ్గానే దొరుకుతాయి. పల్లెటూరి పోస్టాఫీసు ముద్ర చక్కగా పడిన కవర్ల కోసం మాత్రం ఇప్పుడు పెద్దవాళ్లు వేలంలో పోటీ పడుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూస్తుంటాను.

మీ పెట్టెలో నాకు ఆసక్తి కలిగించింది ఆల్బమ్ కాదమ్మా, రంగూన్ కట్ట. మీ ఇంటికి వచ్చినాయనకీ అదే అయి ఉంటుందని నా అనుమానం. చిత్తు కాగితాలంటూనే వాటిని వదిలిపెట్టి ఆల్బమ్ ఒక్కటే తీసుకుంటాననలేదు చూడండి. చిత్తు కాగితాలకి ఆటో ఖర్చు పెట్టుకునేవాడు ఉంటాడా?

బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం. అందుకని అంతకు ముందు తాతగారు రాసిన కవర్ల మీద మనకి ఇక్కడ దొరికే మామూలు ఇండియా స్టాంపులే ఉంటాయి, రంగూన్ ముద్ర ఒక్కటే తేడా. విడిపోయిన కొత్తలో సొంత స్టాంపులు లేక, అయిదో జార్జి బొమ్మ ఉన్న ఇండియా స్టాంపుల మీదే బర్మా అని ఇంగ్లీషు అక్షరాలు గుద్ది అమ్మారు. 1938 నవంబరులో బర్మా తన సొంత బొమ్మలతో వేసింది. వాటిలో ఏనుగు టేకు దుంగ లాగుతున్నది ఒకటి, వరి మడి దున్నుతున్నది ఒకటి ఉంటాయి. బియ్యం మిల్లు గుమాస్తా తమ్ముడికి రాసిన ఉత్తరం మీద ఆ వరి మడి స్టాంపు గనక ఉంటే, నా మటుకు నాకు వెల సంగతి తర్వాత, ముందు ఆ కవరు చూడాలనుంది.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యాక ఉత్తరాలని మధ్యలో తెరిచి చదివేవాళ్లు. మీ కట్టలో కొన్ని కవర్లకి ఒక పక్క కోసి, తిరిగి చీటీతో అతికించినట్టు ఉంటుంది చూడండి. పక్కన సెన్సారు ముద్ర ఉంటుంది. చిరిగిపోయాయనుకుని మీ అబ్బాయి వాటిని తీసేసేవాడేమో. సేకరించేవాళ్లు వెతికేదే ఆ చీటీని. ఇక 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు వేసింది. 1942 మార్చి 8న ఊరు వాళ్ల చేతికి పోయింది. ఆ మధ్య రెండున్నర నెలల్లో లక్షల మంది మనవాళ్లు, మన తెలుగువాళ్లు ఎందరో అందులో, ఓడల్లోనూ కాలినడకనా బయటపడ్డారు. ఆ రోజుల్లో రంగూన్ నుంచి బయల్దేరి మద్రాసు చేరిన ఉత్తరం ఏదైనా ఆ కట్టలో ఉందా? ఫోనులో మీరు ‘చివరిది డిసెంబరుదిలా ఉంది, సరిగా కనబడటం లేదు’ అన్నారు. అదొక్కటీ విడిగా తీసి పెట్టండి.

ఇదంతా ఎందుకంటే, స్టాంపుకి వెల ఎలా వస్తుందన్న మీ ప్రశ్నకి జవాబు చాలామటుకు ఇందులోనే ఉంది. అదే స్టాంపు. కోట్లలో అచ్చేసిందే. కానీ ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన, ఫలానా కారణంగా పోస్టయిన కాగితం ఆ ఒక్కటే. సింగపూరు 1867 దాకా తపాలాకి ఇండియా స్టాంపులే వాడేది. బి 172 అని ముద్ర ఉంటే అది సింగపూరులో వాడినది. విక్టోరియా బొమ్మ స్టాంపే, మన జార్జిటౌనులో ముద్ర పడితే కిళ్లీ డబ్బులు, సింగపూరులో పడితే లెక్క వేరు.

ఇప్పుడు ఆల్బమ్. మీ మామగారి ఆల్బమ్ గురించి నిష్ఠూరంగా మాట్లాడక తప్పదు, ఏమీ అనుకోకండి.

విక్టోరియా రాణి బొమ్మ అనగానే మనవాళ్లు కళ్లకద్దుకుంటారు. నూట యాభై ఏళ్లనాటిది కదా అని. ప్రపంచంలో మొట్టమొదటి స్టాంపు పెన్నీ బ్లాక్, ఇంగ్లండులో 1840 మేలో వచ్చింది. దాదాపు 6 కోట్ల 80 లక్షలు అచ్చేశారు. అంతటి మొదటి స్టాంపే అరుదైనది కాదు. ఖరీదైనదే, నిజం, ఎందుకంటే ప్రతి సేకరించేవాడికీ ఒకటి కావాలి. కానీ డబ్బు పెడితే ఏ రోజైనా దొరుకుతుంది. మన విక్టోరియా అర్ధణా, అణా స్టాంపులు కూడా అలాగే కుప్పలు. మీవాటిలో ‘ఈస్ట్ ఇండియా’ అని ఉన్నవి, ఒట్టి ‘ఇండియా’ అని ఉన్నవి వేరు చేయండి. 1882లో ఆ పేరు మార్చారు కాబట్టి ఈస్ట్ ఉన్నవి పాతవి. వాటిని బోర్లా పెట్టి నల్లటి ప్లేటు మీద చూస్తే కొన్నింట్లో కాగితం లోపల ఏనుగు తల నీడలా కనిపిస్తుంది, అది 1865లో మొదలైన నీటి గుర్తు. ఆ ఏనుగు తల కనిపిస్తే సంతోషించండి గాని ఇల్లు కొనుక్కోవచ్చని లెక్కలు వేయకండి.

విదేశాలవి, ముఖ్యంగా ముక్కోణంగా, పెద్దగా, పూలూ చేపలూ బొమ్మలతో రంగురంగులుగా ఉన్నవి ఉంటాయే, వాటిలో ఒకటి నెమ్మదిగా లేపి వెనక చూడండి. ముందు వైపు మూలన కొలిచినట్టు కాస్త ముద్ర, వెనకాల జిగురు చెక్కుచెదరకుండా ఉందా? అయితే అది ఏ ఉత్తరం మీదా ప్రయాణం చేయలేదు. కొన్ని దేశాలు పిల్లలకి అమ్మడానికే అచ్చేసి, అక్కడే ముద్ర కొట్టి, పొట్లాలు కట్టి పంపేవి. మా రోజుల్లో సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్‌లో అలాంటి పొట్లాలు కొనేవాళ్లం. 1985లో ఆ మార్కెట్ తగలబడింది, ఆ పొట్లాలు మాత్రం ఊళ్లో ప్రతి ఇంట్లో బతికే ఉన్నాయి. అవి మీ అబ్బాయికి ఇచ్చేయండి. నానబెట్టుకోవాలనే సరదా వాటితో తీర్చుకోమనండి.

గాంధీగారి సంగతికి వద్దాం. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది అయిన రోజున, నాలుగు వచ్చాయి: ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులో కూర్వోజియే అనే కంపెనీ అచ్చేసింది. మీ మామగారి దగ్గర ఉన్నవి మొదటి మూడు. లేనిది పది రూపాయలది. అది లేకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఆ రోజుల్లో పది రూపాయల స్టాంపు అంటించాల్సిన ఉత్తరం మామూలు ఇంట్లో ఎవరు రాస్తారు? అందుకే ఆ నాలుగోదే అందరికీ కావాలి. దానికీ మించింది ఇంకొకటుంది. అదే పది రూపాయల స్టాంపు మీద ‘సర్వీస్’ అని గుద్ది గవర్నర్ జనరల్ కార్యాలయం కోసమని 100 మాత్రం వేశారు. వాటిలో నాలుగు కలిసి ఉన్న వరస 2017లో 5 లక్షల పౌండ్లకి పోయింది. మీ అబ్బాయి చూసిన లక్షల కథ దీనిది అయి ఉంటుంది, ఆ కీర్తి మిగతా మూడింటికీ అంటుకుంది. ఇంకో మాట, ఇంటర్నెట్‌లో కనిపించేది అమ్మేవాడు అడుగుతున్న రేటు. అడగడానికేం, నేను నా పాత సైకిలుకి కోటి అడగొచ్చు. అమ్ముడుపోయిన రేటు ఎంతో చూడమనండి. పది రూపాయల గాంధీకి, ఆ సర్వీస్ ముద్రకి నకిలీలు కూడా బాగా ఉన్నాయి, చవగ్గా వస్తోందని ఎవరైనా నాలుగోది అంటగట్టబోతే తీసుకోకండి.

తప్పు అచ్చయిన స్టాంపులకి వెల ఎక్కువట కదా, వెతకాలా అని మీరు ఫోనులో అడిగారు. 1854లో కలకత్తాలో నాలుగణాల స్టాంపు రెండు రంగుల్లో వేశారు, ఎర్ర చట్రం ఒకసారి, నీలం రంగులో రాణి తల ఇంకోసారి. కాగితం తిప్పి పెట్టడంలో పొరపాటు జరిగి కొన్నింట్లో రాణి తలకిందులైంది. ఇరవై ఏళ్ల దాకా ఎవరూ గమనించనే లేదట. ఇప్పటికి లోకంలో దొరికినవి పాతిక ముప్పై మాత్రమే. ఒకటే రంగులో ఒకేసారి అచ్చయిన స్టాంపులో అలాంటి తప్పు జరగడానికి వీల్లేదు, కాబట్టి మీరు వెతకాల్సింది రెండు రంగులవి మాత్రమే. వెతకండి, తప్పులేదు. సాయంత్రం కాలక్షేపం.

వెల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. బ్రిటిష్ గయానాలో 1856లో అచ్చయిన ఒక సెంటు స్టాంపు ఉంది. చూస్తే అసహ్యంగా ఉంటుంది. ముదురు గులాబీ కాగితం, మూలలు కత్తిరించేశారు, బొమ్మ సరిగా కనిపించదు, పైన పోస్టాఫీసు గుమాస్తా ఇనిషియల్స్ గిలికి ఉంటాయి. 1873లో పన్నెండేళ్ల కుర్రాడు వాళ్ల చిన్నాన్న కాగితాల్లో చూసి ఆరు షిల్లింగులకి అమ్మేశాడు. అలాంటిది మరొకటి ఉందని ఒప్పుకున్నవాళ్లు లేరు. 2014లో అది 94 లక్షల 80 వేల డాలర్లకి పోయింది. ఏడేళ్లకి, 2021లో, మళ్లీ వేలానికి వస్తే 83 లక్షల చిల్లరే వచ్చింది. లోకంలో ఒక్కటే ఉన్న స్టాంపుకే పదిలక్షల డాలర్లు తగ్గింది! ‘ఉంచండి, ఏటేటా పెరుగుతుంది’ అని ఎవరు చెప్పినా ఈ లెక్క గుర్తు చేయండి.

మీ ఆల్బమ్ వెలని ఇంకా తగ్గించేది మన ఊరి గాలి. వాన వెలిసిన వారం ఆ పేజీలు తెరిస్తే గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి, తుప్పులా. సముద్రం గాలికి, తేమకి జిగురు ఊరి, అక్కడ బూజు పట్టి వచ్చే మచ్చలు అవి. పోవు. గాంధీ మూడింటికీ వెనకాల హింజు, అంటే స్టాంపుని ఆల్బమ్ పేజీకి నిలబెట్టే చిన్న జిగురు కాగితం, అంటించి ఉందన్నారు. ఆ కాలంలో అందరూ చేసిందే, మీ మామగారి తప్పేం లేదు. కానీ జిగురు తాకకుండా ఉన్నదానికీ హింజు మరక ఉన్నదానికీ వెలలో చాలా దూరం ఉంటుంది. అంచు పళ్లలో ఒకటి విరిగినా, మధ్యలో సన్నగా కాగితం లేచినా అంతే. కేటలాగులో చూసిన వెల ఏ మచ్చా లేని స్టాంపుకి, అదీ దుకాణంవాడు మీకు అమ్మే వెల. మీ దగ్గర కొనేటప్పుడు అందులో కొంత భాగమే ఇస్తాడు. అతనికి దుకాణం అద్దె ఉంటుంది, అమ్ముడుపోయేదాకా ఆగాలి. అది మోసం కాదు. కవర్లని చిత్తు కాగితాలనడమే నాకు నచ్చలేదు.

కాబట్టి ఇరవై వేలకి ఇవ్వొద్దు. నలభై వేలన్నా ఇప్పుడే ఇవ్వొద్దు, మీ దగ్గర ఏముందో మీకే తెలియని రోజున ఏ రేటూ సరైంది కాదు. ముందు కవర్లని తేదీ వరసలో పెట్టండి, ముట్టుకునేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి. లోపలి ఉత్తరం ఏ కవరుదో ఆ కవరులోనే ఉండాలి, అది పొరపాటున కూడా తారుమారు కాకూడదు. రబ్బరు బ్యాండు, సెల్లోటేపు, స్టేపుల్ పిన్ను వద్దు. ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించిన మహానుభావులు కూడా ఉన్నారు, చెప్పుకుంటే దుఃఖం. మందంగా లేని బటర్ పేపర్ ఒక్కోదానికి మధ్య పెట్టి, బీరువాలో పై అరలో, గోడకి ఆనకుండా ఉంచండి. ప్రతి కవరుకీ ముందూ వెనకా ఫోటో తీసి మీ అబ్బాయిని ఒక పట్టిక రాయమనండి: తేదీ, ఊరి ముద్ర, స్టాంపులు, సెన్సారు ఉందా లేదా. వాడి ఉత్సాహానికి ఇది మంచి పని, బేసిన్ కన్నా.

ఆ పట్టిక తీసుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? అన్నా రోడ్ హెడ్ పోస్టాఫీసులో ఫిలాటెలిక్ బ్యూరో ఉంది, కానీ అది కొత్త స్టాంపులు అమ్మే చోటు, పాతవాటికి వెల కట్టరు. సిపా అని మేం పిలుచుకునే సౌత్ ఇండియా ఫిలాటెలిస్ట్స్ అసోసియేషన్, అంటే స్టాంపులు సేకరించేవాళ్ల సంఘం, 1956 నుంచి మన ఊళ్లోనే ఉంది. బర్మా కవర్లు, సెన్సారు ఉత్తరాలు తెలిసిన పెద్దలు ఎవరున్నారని అక్కడ అడగండి. మొదటిసారి పట్టికా ఫోటోలే తీసుకెళ్లండి, పెట్టె ఇంట్లోనే ఉండనివ్వండి. ఇద్దరు ముగ్గురి మాట విన్నాక అమ్మాలనిపిస్తే వేలానికి ఇవ్వొచ్చు. ఏదైనా ఒక కవరు నిజంగా పెద్దదని తేలితే దానికి లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీవాళ్ల నిపుణుల సంఘం నుంచి అసలైనదే అన్న సర్టిఫికెట్ తెప్పించుకున్నాకే అమ్మాలి. అమ్మినా కట్ట విడగొట్టకుండా ఒక్కరికే అమ్మే దారి ఉందేమో చూడండి. ఒకే చేతిరాత, ఒకే చిరునామా, కొన్నేళ్ల పాటు సాగిన అరవై కవర్లు విడివిడిగా చెదిరిపోతే మళ్లీ ఒక చోట చేరవు.

ఇంకొకటి, అమ్మే ముందు ఆ ఉత్తరాలు చదివారా? మీ ఉత్తరం నిండా స్టాంపులే ఉన్నాయి గాని తాతగారు ఏం రాశారో ఒక్క ముక్క లేదు. కనీసం చదివి వినిపించి ఫోనులో రికార్డు చేయండి, అవి అప్పటి గొలుసుకట్టు రాతలో ఉంటే చదవగలిగినవాళ్లు ఇంట్లో ఇంకా ఎవరున్నారో చూసుకోండి.

ఆ డిసెంబరు కవరు మాత్రం పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, భూతద్దంతో చూడండి. ముద్రలో పైన ఊరు, మధ్యలో తేదీ ఉంటాయి. రంగూన్ ముద్ర మసగ్గా ఉంటే కవరు వెనక్కి తిప్పండి, మద్రాసులో చేరిన రోజు ముద్ర అక్కడ పడి ఉండొచ్చు. ఆ రెండు తేదీలూ నాకు రాయండి.